విదేశీ క్లయింటుకు మార్కెటింగ్ పని: ఏది ఎగుమతి, ఏది కమీషన్?

క్లుప్తంగా: విదేశీ సంస్థ కోసం ఇక్కడ కూర్చుని సొంతంగా చేసిపెట్టే మార్కెటింగ్ పని మామూలుగా సేవల ఎగుమతి కిందికి వస్తుంది. దాని మీద జీఎస్టీ సున్నా. అదే మనిషి ఆ సంస్థకూ మరొకరికీ మధ్య బేరం కుదిర్చి కమీషన్ తీసుకుంటే, పాత నిబంధన ప్రకారం 18 శాతం పన్ను పడుతుంది. ఈ తేడాను తీసేయాలని జీఎస్టీ కౌన్సిల్ 2025 సెప్టెంబరు 3న సిఫార్సు చేసింది. వెనకటి ఏళ్ల బిల్లులకు మాత్రం పాత లెక్కే.

ఒకే క్లయింటు, రెండు బిల్లులు

ఒడిశాలోని బరంపురంలో ఒక కుర్రాడు ఉన్నాడనుకుందాం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, క్లయింటుతో ఇంగ్లిష్. ఫ్రాన్స్‌లో సుగంధ ద్రవ్యాలు తయారుచేసే ఒక చిన్న సంస్థకు పని చేస్తున్నాడు. మార్చి నెలలో ఆ సంస్థకు రెండు బిల్లులు పంపాడు. మొదటి దాని మీద ఇలా ఉంది: "ఇన్‌స్టాగ్రామ్ పేజీ నిర్వహణ, 12 పోస్టులు, యాడ్ల పర్యవేక్షణ, 900 యూరోలు." రెండో దాని మీద ఇలా: "గంజాం మొగలి అత్తరు సరఫరాదారును పరిచయం చేసినందుకు, ఆర్డరు విలువపై 4 శాతం కమీషన్."

గంజాం మొగలిపువ్వుకు, దాని నుంచి తీసే సుగంధ సారానికి (రూహ్‌కు) భౌగోళిక గుర్తింపు ఉంది. బయటి దేశాల కొనుగోలుదారు ఇక్కడి బట్టీ యజమానిని వెతుక్కోవడం, మధ్యలో భాష తెలిసినవాడు ఒకడు సాయం చేయడం సహజమే. పట్టుచీరలు నేసే ఇళ్లకూ విదేశీ దుకాణాలకూ మధ్య కూడా ఇలాంటి సాయమే అవసరమవుతుంది.

రెండు బిల్లుల డబ్బూ ఒకే బ్యాంకు ఖాతాలో పడింది. పని చేసింది ఒకే లాప్‌టాప్ మీద. రెండింటినీ ఆ కుర్రాడు "మార్కెటింగ్" అనే అంటాడు. జీఎస్టీ చట్టం మాత్రం మొదటి దాన్ని ఎగుమతి అంది, రెండో దాన్ని ఇక్కడే వాడుకున్న సేవ అంది. గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది. పని పేరును బట్టి కాక, ఆ పనిలో మనిషి ఎవరి తరఫున ఎక్కడ నిలబడ్డాడన్న దాన్ని బట్టి పన్ను తేలుతుంది.

సున్నా పన్ను వెనక ఉన్న లెక్క

జీఎస్టీ వాడకం మీద పడే పన్ను. సేవ ఎక్కడ వినియోగమైతే పన్ను హక్కు అక్కడి ప్రభుత్వానిది. అందుకే దేశం దాటే సేవ మీద ఇక్కడ పన్ను వేయరు. అంతే కాదు, ఆ సేవ కోసం ఇక్కడ కొన్నవాటి మీద కట్టిన పన్నును కూడా వెనక్కి ఇస్తారు. ఇంటర్నెట్ బిల్లు, ఆఫీసు అద్దె మీద పడిన జీఎస్టీ ఇందులోకి వస్తుంది. "పన్ను మినహాయింపు"కూ "సున్నా రేటు"కూ తేడా ఇదే. మినహాయింపులో కొన్నవాటి మీద పన్ను చేతి నుంచి పోతుంది, సున్నా రేటులో తిరిగొస్తుంది.

ఎగుమతి అనిపించుకోవాలంటే ఐజీఎస్టీ చట్టం (రాష్ట్రం, దేశం దాటే సరఫరాల జీఎస్టీ చట్టం) సెక్షన్ 2(6) ఐదు సంగతులు చూస్తుంది. సేవ ఇచ్చేవారు భారత్‌లో ఉండాలి, తీసుకునేవారు బయట ఉండాలి. డబ్బు విదేశీ మారకంలో గానీ, రిజర్వు బ్యాంకు అనుమతించిన చోట రూపాయల్లో గానీ రావాలి. ఇచ్చేవారూ తీసుకునేవారూ ఒకే సంస్థకు చెందిన రెండు శాఖలు కాకూడదు. ఈ నాలుగింటితో పెద్దగా చిక్కు రాదు. చిక్కంతా ఐదో దానితోనే: చట్టం లెక్కలో ఆ సేవ "సరఫరా అయిన చోటు" భారత్ బయట ఉండాలి.

చోటు తేల్చేది సెక్షన్ 13. సాధారణ సూత్రం ప్రకారం, సేవ తీసుకున్నవారు ఎక్కడుంటే అదే చోటు. ఫ్రాన్స్ సంస్థ డబ్బు కట్టి పేజీ నిర్వహణ చేయించుకుంటే చోటు ఫ్రాన్సే. ఆ యాడ్లను చూసేవాళ్లు భువనేశ్వర్‌లో, విశాఖలో ఉన్నా సరే. ఈ విషయం మీద చాలామందికి నోటీసులు వెళ్లాయి. యాడ్ చూసింది భారతీయులు కాబట్టి సేవ ఇక్కడే వాడారని కొందరు అధికారులు వాదించారు. 2024 సెప్టెంబరు 10న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 230వ నంబరు సర్క్యులర్‌తో దీన్ని సరిదిద్దింది. యాడ్ చూసేవారు సేవ తీసుకున్నవారు కారు, ఒప్పందం ప్రకారం డబ్బు ఇవ్వాల్సిన విదేశీ క్లయింటే తీసుకున్నవారు అని అందులో తేల్చి చెప్పారు. ఇది చిన్న ఏజెన్సీలకు నిజంగా ఊరటనిచ్చిన వివరణ.

సాధారణ సూత్రానికి మినహాయింపులూ ఉన్నాయి. విదేశీ బ్రాండు తరఫున భువనేశ్వర్‌లోనో హైదరాబాద్‌లోనో ప్రదర్శన నిర్వహిస్తే, ఆ ప్రదర్శన జరిగిన ఊరే చోటు. క్లయింటు తన వస్తువును ఇక్కడికి పంపి, దాని మీదే చేయాల్సిన పని అప్పగిస్తే, పని జరిగిన ఊరే చోటన్న వాదన రావచ్చు. వీటన్నిటికన్నా ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టిన మినహాయింపు మధ్యవర్తులది.

మధ్యవర్తి అంటే ఎవరు

సెక్షన్ 13(8)లోని (బి) క్లాజు, అంటే పైన చెప్పిన పాత నిబంధన ప్రకారం, మధ్యవర్తి సేవకు చోటు సేవ ఇచ్చినవారు ఉన్న ఊరే. అంటే బరంపురం కుర్రాడి రెండో బిల్లు ఫ్రాన్స్‌కు వెళ్లినా, చట్టం దృష్టిలో ఆ సేవ బరంపురంలోనే ఆగిపోయింది. ఐదో షరతు తప్పింది, ఎగుమతి కాదు, 18 శాతం పన్ను కట్టాలి.

ఈ నిబంధన జీఎస్టీతో పుట్టింది కాదు. సర్వీస్ ట్యాక్స్ కాలంలో 2012లో వచ్చిన నియమాల్లోనే సేవల మధ్యవర్తులకు ఇలా ఉంది. 2014 అక్టోబరు 1 నుంచి సరుకుల మధ్యవర్తులను కూడా అందులో కలిపారు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు అదే మాటను దాదాపు అలాగే తెచ్చిపెట్టారు.

మధ్యవర్తి ఎవరన్న ప్రశ్నకు 2021 సెప్టెంబరు 20 నాటి 159వ సర్క్యులర్‌లో ఒక కొలత దొరుకుతుంది. కనీసం ముగ్గురు మనుషులు ఉండాలి. రెండు వేర్వేరు లావాదేవీలు ఉండాలి: ఒకటి ఇద్దరి మధ్య జరిగే అసలు బేరం, రెండోది ఆ బేరం కుదరడానికి మూడోవారు చేసే సాయం. ఆ మూడోవారు తన సొంత సేవను సొంతంగా అమ్ముకుంటుంటే మధ్యవర్తి కాడు. ఒకరి దగ్గర పని తీసుకుని ఇంకొకరికి సబ్‌కాంట్రాక్టు ఇచ్చినా, తీసుకున్నా, ఆ ఒక్క కారణంతో మధ్యవర్తి కాడు. ఈ మాట ఏజెన్సీలకు ముఖ్యం, ఎందుకంటే ఢిల్లీలోనో బెంగళూరులోనో ఉన్న పెద్ద ఏజెన్సీ కింద చిన్న ఊళ్ల వాళ్లు పని చేయడం మామూలే.

తెలుగులో "దళారి" అంటే ఎవరికైనా చిరాకే. చట్టంలో ఆ పదానికి నింద లేదు, పాత్ర మాత్రమే ఉంది. అందుకే "నేను దళారిని కాను, కన్సల్టెంటును" అని బిల్లు మీద పేరు మార్చినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. అధికారి చూసేది ఒప్పందాన్నీ, డబ్బు లెక్క కట్టిన తీరునూ.

యాడ్ల కొనుగోలులోనూ ఇదే గీత ఉంది. విదేశీ క్లయింటు డిజైను నుంచి యాడ్ స్థలం కొనడం దాకా అంతా ఏజెన్సీకి అప్పగించి, మీడియా సంస్థ ఏజెన్సీకి బిల్లు వేసి, ఏజెన్సీ క్లయింటుకు తన బిల్లు వేస్తే అది సొంత సేవ. 230వ సర్క్యులర్ దీన్ని ఎగుమతిగా ఒప్పుకుంది. అలా కాకుండా మీడియా సంస్థ నేరుగా విదేశీ క్లయింటుకే బిల్లు వేసి, ఏజెన్సీ మధ్యలో మాట కుదిర్చినందుకు మాత్రమే కొంత తీసుకుంటే ఏజెన్సీ మధ్యవర్తి. చేసిన శ్రమ రెండు చోట్లా దాదాపు ఒకటే. బిల్లు ఎవరి నుంచి ఎవరికి నడిచిందన్నదే తేడా.

అదే సమయంలో, "శాతం" అన్న మాట కనపడగానే భయపడక్కర్లేదు. యాడ్ ఖర్చు మీద 10 శాతం ఫీజుగా తీసుకునే ఏజెన్సీ, ఆ యాడ్లను తానే నడుపుతుంటే, సొంత సేవకు ధర అలా లెక్కకట్టిందంతే. ధర ఎలా లెక్కకట్టారన్నది ఒక సూచన మాత్రమే. తీర్పు పాత్ర మీదే.

ఒడిశా వైపు ఒక మాట, మహారాష్ట్ర వైపు ఒక మాట

ఈ క్లాజు రాజ్యాంగబద్ధమేనా అన్న ప్రశ్న కోర్టులకు వెళ్లింది. 2020 జులైలో గుజరాత్ హైకోర్టు క్లాజును సమర్థించింది. విదేశీ క్లయింట్లకు మార్కెటింగ్, ప్రమోషన్ సేవలిచ్చే ముంబై ప్రొప్రైటరు ఒకరు బాంబే హైకోర్టులో సవాలు చేశారు. 2021 జూన్‌లో ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా తేల్చారు. ఒకరు చెల్లదన్నారు, ఒకరు చెల్లుతుందన్నారు. మూడో న్యాయమూర్తి 2023 ఏప్రిల్ 18న ఇచ్చిన అభిప్రాయంతో క్లాజు నిలిచింది. అయితే అందులో ఒక మెలిక ఉంది. ఈ క్లాజు ఐజీఎస్టీ చట్టం వరకే పనిచేస్తుంది, దాన్ని ఆసరా చేసుకుని సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ), రాష్ట్ర జీఎస్టీ వేయడానికి వీల్లేదని చెప్పారు.

సరిహద్దు జిల్లాలకు ఈ మెలిక ఎందుకు ముఖ్యమంటే, ఒక హైకోర్టు తీర్పు ఆ రాష్ట్ర అధికారులను కట్టిపడేస్తుంది, పక్క రాష్ట్రంలో అది బలమైన వాదన మాత్రమే. గడ్చిరోలి జిల్లా సిరొంచలోనో, నాందేడ్ జిల్లా దెగ్లూరులోనో ఉన్న తెలుగు కుర్రాడికి వచ్చిన నోటీసులో సీజీఎస్టీ 9, రాష్ట్ర జీఎస్టీ 9 అని ఉంటే, బాంబే తీర్పును నేరుగా ముందు పెట్టవచ్చు. బరంపురంలోనో పర్లాకిమిడిలోనో అదే నోటీసు వస్తే ఆ తీర్పును ఉదహరించవచ్చు గానీ, ఒప్పుకుని తీరాలని అడగలేరు. దేశమంతటికీ ఒకటే పన్ను అన్న వ్యవస్థలో ఒకే పనికి జవాబు జిల్లా సరిహద్దుతో మారడం చిన్న వ్యాపారికి అన్యాయమే.

రిజిస్ట్రేషన్ విషయంలోనూ సరిహద్దు అడ్డొస్తుంది. ఇల్లు ఇచ్ఛాపురంలో, ఆఫీసు బరంపురంలో ఉన్నవాళ్లు ఉంటారు. సేవ ఏ రాష్ట్రం నుంచి ఇస్తున్నారో ఆ రాష్ట్రంలో నమోదు కావాలి. ఒడిశాలో అయితే జీఎస్టీ నంబరు 21తో, ఆంధ్రప్రదేశ్‌లో 37తో, మహారాష్ట్రలో 27తో మొదలవుతుంది. రెండు చోట్లా ఆఫీసులుంటే రెండు నంబర్లు తీసుకోవాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యే 20 లక్షల టర్నోవరు పరిమితి మాత్రం పాన్ మీద ఒక్కటే లెక్క. ఇటు 12 లక్షలు, అటు 11 లక్షలు వస్తే, రెండూ 20 లోపే కదా అనుకోవడానికి లేదు. ఎగుమతి బిల్లులు కూడా ఆ 20 లక్షల్లో కలుస్తాయి. పన్ను సున్నా కాబట్టి టర్నోవరు కూడా సున్నా అనుకుని చాలామంది పొరబడేది ఇక్కడే. 20 లక్షలు దాటనివారికి, సేవ రాష్ట్రం దాటినా దేశం దాటినా, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 2017 అక్టోబరు 13 నాటి నోటిఫికేషన్ ఆ వెసులుబాటు ఇచ్చింది.

పన్ను ఎవరి జేబులోంచి పోతుంది

ఏడాదికి 24 లక్షల రూపాయలు విదేశీ కమీషన్‌గా వస్తున్న ఏజెంటును తీసుకోండి. ఎగుమతి అనుకుని పన్ను వేయలేదు. మూడేళ్ల తరువాత అధికారి వచ్చి ఇది మధ్యవర్తి సేవ అన్నారు. ఫ్రాన్స్ క్లయింటు ఇప్పుడు 18 శాతం అదనంగా పంపడు, అతనికి ఇక్కడి జీఎస్టీ క్రెడిట్ (కట్టిన పన్నును తన పన్నులో సర్దుకునే వీలు) కూడా దొరకదు. వచ్చిన 24 లక్షల్లోనే పన్ను కలిసి ఉందని లెక్క కడితే (24,00,000ను 118తో భాగించి 18తో హెచ్చిస్తే) సుమారు 3,66,000 రూపాయలు ఒక్క ఏడాదికి. మూడేళ్లకు 11 లక్షలు దగ్గర పడుతుంది. పైన ఏటా 18 శాతం వడ్డీ, పరిస్థితిని బట్టి జరిమానా. దేశంలోపలి రిజిస్టరైన క్లయింటు అయితే ఆ పన్నును క్రెడిట్‌గా తీసుకుంటాడు, భారం ఎవరి మీదా నిలవదు. విదేశీ కమీషన్‌లో మాత్రం మొత్తం ఏజెంటు ఇంటి డబ్బే. అసలు టెన్షన్ ఇందుకే.

ఒక మినహాయింపు గుర్తుపెట్టుకోవాలి. సరుకు అమ్మేవారూ కొనేవారూ ఇద్దరూ భారత్ బయటే ఉండి, మధ్యలో ఇక్కడి ఏజెంటు మాట కుదిర్చితే, 2019 సెప్టెంబరు 30 నాటి నోటిఫికేషన్ ఆ కమీషన్‌ను పన్ను నుంచి తప్పించింది. మొగలి అత్తరు విషయంలో అమ్మేవారు గంజాంలోనే ఉన్నారు కాబట్టి అది వర్తించదు.

కాగితాలు: చిన్నవే గానీ అవే కాపాడతాయి

పన్ను కట్టకుండా ఎగుమతి బిల్లు వేయాలంటే రిజిస్టరైన వ్యక్తి ఎల్‌యూటీ అనే హామీపత్రాన్ని ఏటా జీఎస్టీ పోర్టల్‌లో ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారంగా ఇవ్వాలి. రుసుము లేదు, కానీ ఏప్రిల్ రాగానే పాతది చెల్లదు. ఆలస్యమైతే తరువాత ఇచ్చినా మన్నించవచ్చని బోర్డు 2019లోనే చెప్పింది. బిల్లు వేసిన ఏడాదిలోపు, లేదా ఫెమా (విదేశీ మారక చట్టం) ఇచ్చిన గడువులోపు, రెండింట్లో ఏది తరువాతదైతే ఆలోపు డబ్బు రావాలి. రాకపోతే పన్ను, వడ్డీ కట్టాలి. కొన్నవాటి మీద పన్ను వాపసుకు రెండేళ్ల గడువు ఉంది. సేవ ముందు పూర్తయి డబ్బు తరువాత వస్తే, డబ్బు అందిన రోజు నుంచి ఆ గడువు లెక్క.

డబ్బు వచ్చినప్పుడు అది దేనికోసమో చెప్పమని బ్యాంకు అడిగే "పర్పస్ కోడ్" మీద ఎక్కువమంది దృష్టి పెట్టరు. యాడ్, ప్రదర్శన సేవలకు పీ1007 ఉంది. ఎగుమతి దిగుమతులపై కమీషన్‌కు పీ1002 ఉంది. సొంతంగా యాడ్లు నడిపే వ్యక్తి తొందరలో పీ1002 మీద టిక్ పెడితే, తన సేవ కమీషన్ అని తానే బ్యాంకు కాగితం మీద రాసిచ్చినట్టు. తరువాత ఒప్పందంలో ఏం రాసి ఉన్నా, ముందు ఆ కాగితానికి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. ఒప్పందం, బిల్లు మీద వివరణ, పర్పస్ కోడ్, జీఎస్టీఆర్-1లో (అమ్మకాల రిటర్నులో) ఎగుమతుల పట్టిక, ఈ నాలుగూ ఒకే మాట చెప్పాలి. రెండు రకాల పని చేసేవారు రెండు ఒప్పందాలు, రెండు బిల్లులు పెట్టుకోవడం మేలు. ఒకే బిల్లులో కలిపేస్తే శుభ్రమైన ఎగుమతి కూడా అనుమానం కిందికి వెళుతుంది.

ఆదాయపు పన్నులోనూ అదే గీత

జీఎస్టీ సున్నా అయితే ఆదాయపు పన్ను కూడా ఉండదన్న అపోహ ఇంకా పోలేదు. ఇక్కడ నివాసం ఉన్నవారి ఆదాయం ఏ దేశం నుంచి వచ్చినా ఇక్కడ పన్ను లెక్కలోకి వస్తుంది. చిన్న వ్యాపారులు పుస్తకాలు రాయకుండా, బ్యాంకు ద్వారా వచ్చిన రాబడిలో 6 శాతాన్ని లాభంగా చూపే సౌకర్యం 1961 చట్టంలో సెక్షన్ 44ఏడీగా ఉండేది. కమీషన్, బ్రోకరేజీ ఆదాయానికీ ఏజెన్సీ వ్యాపారానికీ ఆ సౌకర్యం లేదు. అంటే బరంపురం కుర్రాడి రెండో బిల్లు జీఎస్టీలో దెబ్బ తగిలిన కారణంతోనే ఆదాయపు పన్నులోనూ వేరు గదిలో పడుతుంది. రెండు చట్టాలు వేర్వేరు, అధికారులు వేర్వేరు, అడిగే ప్రశ్న మాత్రం ఒకటే.

కౌన్సిల్ సిఫార్సుతో మారేది, మారనిది

56వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం (బి) క్లాజును తీసేయాలంది. 2026 బడ్జెట్‌తో వచ్చిన ఫైనాన్స్ బిల్లులో ఆ తొలగింపును చేర్చారు. క్లాజు పోతే మధ్యవర్తి సేవకూ సాధారణ సూత్రమే వర్తిస్తుంది. క్లయింటు బయట ఉంటే చోటు బయటే. మిగతా నాలుగు షరతులు కుదిరితే మొగలి అత్తరు కమీషన్ కూడా ఎగుమతే అవుతుంది, వాపసు హక్కు కూడా వస్తుంది. పద్నాలుగేళ్ల నాటి వివాదానికి ఇది సరైన ముగింపు.

ఇది వెనకటి కాలాన్ని కడిగేసే సవరణ కాదు. తొలగింపు అమలు తేదీకి ముందు జరిగిన సేవల మీద నోటీసులు, అప్పీళ్లు అలాగే నడుస్తాయి. వాటిలో "సొంత సేవా, మధ్యవర్తా" అన్న వాదనే ఇప్పటికీ ఆయుధం. పాత ఒప్పందాలు, ఈమెయిళ్లు పారేయకుండా ఉంచుకోవాల్సింది అందుకే.

ఇంకొక వైపు కూడా ఉంది, దాని గురించి మాట్లాడుతున్నవారు తక్కువ. సరిహద్దు అవతల పలాసలో జీడిపప్పు కార్ఖానాలున్నాయి, గంజాంలోనూ జీడి వ్యాపారం ఉంది. ఆఫ్రికా దేశాల నుంచి జీడిపిక్కలు తెప్పించేటప్పుడు అక్కడి బ్రోకరుకు కమీషన్ ఇచ్చేవారు ఉంటారు. పాత క్లాజు ప్రకారం ఆ బ్రోకరు సేవకు చోటు ఆఫ్రికాలోనే. కాబట్టి ఇక్కడ పన్ను ప్రసక్తి లేదు. క్లాజు తీసేస్తే అదే సాధారణ సూత్రం తిరగబడి వస్తుంది: సేవ తీసుకున్నవారు పలాసలో ఉన్నారు కాబట్టి చోటు పలాస. అది సేవల దిగుమతి అవుతుంది. రివర్స్ ఛార్జి కింద 18 శాతం కార్ఖానా యజమానే కట్టాలి. పప్పు అమ్మకం మీద కట్టే పన్నులో దాన్ని సర్దుకోవచ్చు గానీ, ముందు నగదు కట్టాకే. బ్రోకరు కమీషన్‌ను ఇన్నాళ్లూ ఖర్చుల ఖాతాలో మాత్రమే రాసుకున్న గుమాస్తా, ఇక దాన్ని పన్ను కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బీలో 3.1(డీ) గడిలోనూ చూపాల్సి ఉంటుంది.